ముందు సరుకు లెక్క, తరువాతే యాప్: పట్టణ సూపర్‌మార్కెట్‌లో డిజిటల్ మార్పు తెచ్చే విధానం

తెనాలిలోనైనా సిద్దిపేటలోనైనా, కొన్ని వేల రకాల సరుకులు అమ్మే సూపర్‌మార్కెట్ యజమానికి డిజిటల్ మార్పు అనగానే మొదట తోచేది దుకాణం పేరుతో ఒక మొబైల్ యాప్. పెద్ద నగరాల్లో పది పదిహేను నిమిషాల్లో సరుకులు ఇంటికి చేర్చే సంస్థలు వచ్చిన తరువాత ఈ తొందర మరింత పెరిగింది. అయితే గోదాములో కందిపప్పు ఎన్ని కిలోలు ఉందో కచ్చితంగా చెప్పలేని దుకాణం యాప్ తెరిస్తే, లేని సరుకుకు ఆర్డరు తీసుకుని, ఉన్న సరుకును అమ్ముకోలేక, ఏళ్ల తరబడి వస్తున్న కుటుంబాల నమ్మకాన్నే ముందుగా పోగొట్టుకుంటుంది. అందుచేత ఈ పని గోదాములో మొదలుకావాలి, ఖాతాదారు గడప దగ్గరికి చివరగా చేరాలి.

ఈ క్రమానికి వ్యాపారపరమైన కారణం ఉంది. అనేక నగరాల్లో శాఖలున్న సంస్థలు మీకన్నా తక్కువ ధరకు కొనగలవు కనుక, కేవలం ధరతో వాటిని ఎదుర్కోవడం కష్టం. మీ చుట్టుపక్కల వీధుల్లోని కుటుంబాలు ఏ బియ్యం తింటాయో, ఏ పండుగకు ఏమి కొంటాయో, ఎవరి నెల సరుకుల చీటీ ఎప్పుడు వస్తుందో తెలిసి ఉండడమే మీకున్న అసలైన బలం. ఆ తెలివిడి ఇంతవరకు యజమాని జ్ఞాపకంలోనూ ఒకరిద్దరు పాత గుమాస్తాల జ్ఞాపకంలోనూ ఉంది. వారు లేని రోజున దుకాణానికి అది అందదు. దాన్ని దుకాణం సొంత ఆస్తిగా మార్చి, కొనుగోలు నిర్ణయం ప్రతిదానికీ అందుబాటులోకి తేవడమే డిజిటల్ మార్పు ఇచ్చే వ్యూహాత్మక విలువ అని నా నిశ్చితాభిప్రాయం.

ఏ నిర్ణయాలు మారాలో ముందు రాసుకోండి

సాఫ్ట్‌వేర్ అమ్మేవారిని పిలిచే ముందు, ప్రతి వారం మీరు అంచనా మీద తీసుకుంటున్న నిర్ణయాలను కాగితం మీద రాయండి. డిస్ట్రిబ్యూటర్ మనిషి వచ్చినప్పుడు ఎన్ని పెట్టెలు చెప్పాలి, గడువు దగ్గరపడిన సరుకును ఎప్పుడు తగ్గింపు ధరకు పెట్టాలి, ఏ అరలో ఏ కంపెనీకి చోటివ్వాలి, ఎవరికి ఎంతవరకు అరువు ఇవ్వాలి వంటివి అందులో ఉంటాయి. ఒక్కొక్క నిర్ణయం పక్కన, దాన్ని సరిగా తీసుకోవడానికి ఏ అంకె కావాలో రాయండి. కొత్త వ్యవస్థ ఆ అంకెను ఇవ్వలేకపోతే, దాని తెర ఎంత అందంగా ఉన్నా అది మీకు పనికిరాదు. ఈ కాగితం తయారీకి ఒక వారం సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఎంపికలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగాన్ని అదే ఆపుతుంది.

సరుకుల పట్టికను శుభ్రం చేయడం

అన్నిటికన్నా విసుగు పుట్టించేది, అన్నిటికన్నా విలువైనది ఈ దశ. దుకాణంలో అమ్మే ప్రతి సరుకుకు ఒకే పేరు, ఒకే కోడు, కొలత, జీఎస్టీ రేటు, హెచ్ఎస్ఎన్ సంఖ్య (పన్ను కోసం సరుకు వర్గాన్ని తెలిపే కోడు), సరఫరాదారు పేరు ఉండే పట్టిక తయారు చేయాలి. ఒకే పప్పు మూడు పేర్లతో నమోదై ఉంటే, ఒక పేరు మీద నిల్వ మైనస్‌లోకి పోతుంది, మరో పేరు మీద అమ్ముడుపోని సరుకుగా కనిపిస్తుంది. అటువంటి నివేదికను నమ్మి కొనుగోలు చేయడం కన్నా పాత అంచనానే మేలు.

కంపెనీ ప్యాకెట్ల మీద 13 అంకెల బార్‌కోడ్ ఉంటుంది కనుక వాటిని స్కానర్‌తో నేరుగా పట్టికలోకి ఎక్కించవచ్చు. ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. కంపెనీ ఎమ్మార్పీ మార్చినప్పుడు బార్‌కోడ్ తరచుగా పాతదే ఉంటుంది. దానివల్ల ఒకే కోడు మీద పాత ధర ప్యాకెట్లు, కొత్త ధర ప్యాకెట్లు ఒకే అరలో కలిసిపోతాయి. పాత ప్యాకెట్‌కు కొత్త ధర వేస్తే అది ముద్రించిన ధరను మించి అమ్మడమే అవుతుంది, చట్టరీత్యా తప్పు. కొత్త ప్యాకెట్‌కు పాత ధర వేస్తే నష్టం మీది. అందువల్ల ఒకే కోడు కింద బ్యాచ్ వారీగా వేర్వేరు ఎమ్మార్పీలను ఉంచి, బిల్లు వేసేటప్పుడు ఏది అని అడిగే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోవాలి. ఈ ఒక్క సదుపాయాన్ని మీ కళ్ల ముందు చేసి చూపించమని అమ్మేవారిని అడగండి.

లూజు సరుకుల సంగతి వేరు. 50 కిలోల కందిపప్పు బస్తాను విప్పి అరకిలో, కిలో ప్యాకెట్లుగా కట్టినప్పుడు, బస్తా నిల్వ తగ్గి ప్యాకెట్ల నిల్వ పెరిగినట్టు, మధ్యలో పోయిన తరుగు ఎంతో కూడా నమోదు కావాలి. మీరు కట్టిన ప్యాకెట్లకు దుకాణం లోపలి వాడకం కోసమే కేటాయించిన, 2తో మొదలయ్యే కోడ్‌లను ఉపయోగించుకోవచ్చు. వాటి మీద ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, నికర తూకం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోను నంబరు వంటి వివరాలు ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. లేబుల్ ముద్రణను ఈ పట్టికతోనే అనుసంధానిస్తే ఆ వివరాలు మరచిపోయే అవకాశం ఉండదు.

పట్టికలో సరుకు పేరు తెలుగులో కూడా ఉండాలని నేను గట్టిగా కోరతాను. బిల్లు చదివేది ఇంటివారు, సరుకు అర నుంచి తీసేది మీ సిబ్బంది. ఇద్దరికీ తెలుగే సులువు. ఉల్లిపాయ అని అడిగేవారికీ ఉల్లిగడ్డ అని అడిగేవారికీ, బంగాళాదుంప అని వెతికేవారికీ ఆలుగడ్డ అని వెతికేవారికీ ఒకే సరుకు దొరికేలా ప్రత్యామ్నాయ పేర్లను కూడా ఎక్కించండి.

నిల్వను డబ్బుగా చూడడం

పట్టిక సిద్ధమైన తరువాత దుకాణం మూసి ఒక్కసారి పూర్తిగా సరుకు లెక్కించాలి. ఆ తరువాత ఏడాదికొకసారి లెక్కపెట్టే అలవాటు మాని, రోజూ తెరిచే ముందు ముప్పై నలభై రకాలను మాత్రమే లెక్కించి, కంప్యూటర్ చూపిన అంకెతో పోల్చాలి. తేడా వచ్చినప్పుడు అంకెను సరిదిద్ది ఊరుకోకుండా, కారణాన్ని కూడా రాయాలి: తరుగు, ఎలుకలు, పొరపాటు బిల్లు, దొంగతనం, డిస్ట్రిబ్యూటర్ తక్కువగా దించడం. కొన్ని నెలల్లో మీ నష్టం ఎటువైపు నుంచి వస్తోందో ఈ కారణాలే చెబుతాయి.

దీని విలువను ఒక ఉదాహరణతో లెక్కిద్దాం. దుకాణంలో కొన్న ధర ప్రకారం 20 లక్షల రూపాయల సరుకు ఉందని, నెలకు అమ్ముడయ్యే సరుకు కొన్న ధర 25 లక్షలని అనుకుందాం. అంటే నిల్వ 24 రోజులకు సరిపోతుంది. కదలని సరుకు తగ్గించి, కదిలేదాన్ని తక్కువ మోతాదులో తరచుగా కొనడం ద్వారా అదే అమ్మకాన్ని 18 రోజుల నిల్వతో నడిపితే 15 లక్షలే సరిపోతాయి. మిగిలిన 5 లక్షలు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ నుంచి 12 శాతం వడ్డీకి తెచ్చినవైతే ఏడాదికి 60,000 రూపాయల వడ్డీ ఆదా అవుతుంది. కొత్తగా ఒక్క ఖాతాదారు కూడా చేరకుండానే వచ్చిన లాభం ఇది. యాప్ మీద పెట్టిన ఖర్చు ఇంత నమ్మకంగా తిరిగి రావడం అరుదు.

ఎంత కొనాలన్నదానికి సూత్రం కష్టమైనదేమీ కాదు. ఒక బిస్కెట్ ప్యాకెట్ రోజుకు 12 అమ్ముడవుతోంది, డిస్ట్రిబ్యూటర్ మనిషి ఏడు రోజులకొకసారి వస్తాడు, సరుకు మరునాడు దిగుతుంది అనుకుంటే, ఎనిమిది రోజులకు 96 కావాలి. ఆలస్యాలకు రెండు రోజుల అమ్మకం, అంటే 24, కలిపితే 120. అరలో 50 ఉంటే 70 చెప్పాలి. సాఫ్ట్‌వేర్ ఈ అంకెను సూచిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ పథకం చూపించి 200 తీసుకోమన్నప్పుడు, అదనపు తగ్గింపు ఎక్కువో, అదనపు నిల్వ మీద వడ్డీ, గడువు తీరే ప్రమాదం ఎక్కువో చూసి నిర్ణయించాల్సింది మీరు.

ఈ సూత్రం పండుగల దగ్గర తప్పుతుంది. మన ప్రాంతంలో దుకాణాలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. చాలా సాఫ్ట్‌వేర్‌లు పోయిన ఏడాది ఇదే తేదీ అమ్మకంతో ఈ ఏడాదిని పోలుస్తాయి. సంక్రాంతి సౌరమానం ప్రకారం వస్తుంది కనుక జనవరి 14, 15 తేదీలకు ఆ పోలిక పనిచేస్తుంది. ఉగాది, వినాయక చవితి, దసరా అలా రావు. 2025లో ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి, అధిక జ్యేష్ఠ మాసం వల్ల 2026లో సెప్టెంబరు 14న వస్తుంది. తేదీని చూసి కొన్నవారు ఆగస్టు చివరి వారంలోనే బెల్లం, కొబ్బరికాయలు, బియ్యపు పిండి నింపుకుని, అసలు పండుగ నాటికి పాత సరుకుతో మిగులుతారు. రంజాన్ నెల ప్రతి ఏటా దాదాపు 11 రోజులు ముందుగా వస్తుంది కనుక ఖర్జూరం, సేమియా కొనుగోళ్లకూ ఇదే జాగ్రత్త అవసరం. దీనికి మార్గం సులువే. ఏడాది మొదట్లోనే పంచాంగం, సెలవుల పట్టిక ముందు పెట్టుకుని ప్రతి పండుగకు ముందున్న పది రోజులకు ఆ పండుగ పేరును గుర్తుగా ఎక్కించి, పండుగతో పండుగను పోల్చే నివేదికను తయారు చేయించాలి. శ్రావణ శుక్రవారాలకు, బతుకమ్మ తొమ్మిది రోజులకు, జీతాలు పడే నెల మొదటి వారానికి కూడా ఇలాగే గుర్తులు పెట్టండి. బయటి సంస్థ ఏదీ మీ ఊరికి తగినట్టు ఈ పని చేసి ఇవ్వదు.

బిల్లు, చెల్లింపు, పన్ను ఒకే తాటిపైకి

యూపీఐ 2016లో మొదలైంది. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ చెల్లింపులకు వ్యాపారి మీద ఎండీఆర్ (చెల్లింపు అందుకున్నందుకు వ్యాపారి నుంచి తీసుకునే) రుసుము లేదు. చిన్న దుకాణాలకు అది గొప్ప మేలు చేసింది. అయితే సౌండ్ బాక్స్ పలికిన మొత్తాలు బిల్లింగ్ కంప్యూటర్‌కు తెలియకపోతే, సాయంత్రం గల్లా సరిచూడడం పాత రోజులకన్నా కష్టమవుతుంది. బిల్లు మొత్తాన్ని కలిగిన క్యూఆర్ కోడ్ ప్రతి బిల్లుకూ తెర మీద వచ్చేలా చేస్తే ఏ చెల్లింపు ఏ బిల్లుదో దానంతటదే నమోదవుతుంది. గోడకు అంటించిన కోడ్ మీద మోసగాళ్లు వేరే కోడ్ అంటించే ప్రమాదం, పాత చెల్లింపు ఫొటో చూపించి సరుకు పట్టుకెళ్లే ప్రమాదం కూడా దీనితో బాగా తగ్గుతాయి. అయినా మోసం జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫిర్యాదు చేయాలని కౌంటరులోని ప్రతి ఒక్కరికీ నేర్పండి.

పన్ను విషయంలో 2025 సెప్టెంబరు 22 మంచి పాఠం. ఆ రోజు నుంచి జీఎస్టీ రేట్లు మారి, సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె వంటివి 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. హెచ్ఎస్ఎన్ సంఖ్యలు సరిగా ఉన్న పట్టికలో ఆ వర్గాల రేటును ఒకేసారి మార్చవచ్చు. అవి లేని పట్టికలో ఒక్కో సరుకు తెరిచి దిద్దాల్సి వస్తుంది. కొనుగోలు బిల్లులను కూడా అదే వ్యవస్థలో నమోదు చేసి, సరఫరాదారులు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో నెలనెలా వచ్చే జీఎస్టీఆర్-2బి పట్టికతో పోల్చండి. సరఫరాదారు తన రిటర్నులో చూపించని బిల్లు మీద మీకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) రాదు కనుక, ఆ తేడాను అతనికి డబ్బు చెల్లించే ముందే పట్టుకోవడం మంచిది.

ఖాతాదారుల సమాచారం: అడిగి తీసుకోవడం, అవసరమైనంతే ఉంచుకోవడం

సరుకు లెక్క కుదిరిన తరువాతే ఖాతాదారుల వైపు చూడాలి. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఎంతమంది కొత్తగా వచ్చారన్నదాని కన్నా, వచ్చేవారిలో ఎవరు రావడం మానేశారన్నది. నెల మొదటి వారంలో చీటీ పంపే కుటుంబం వరుసగా రెండు నెలలు పంపకపోతే ఆ పేరు మీ ముందుకు రావాలి. అటువంటి కుటుంబాల జాబితా తీసి యజమాని స్వయంగా ఫోను చేసి మర్యాదగా కారణం అడగడం, వేలమందికి ఒకే తగ్గింపు సందేశం పంపడం కన్నా ఎంతో ఎక్కువ ఫలితం ఇస్తుంది. పప్పులో పురుగు వచ్చిందనో, ఇంటికి సరుకు తెచ్చిన కుర్రవాడు అమర్యాదగా మాట్లాడాడనో తెలిస్తే, అది దిద్దుకోగలిగిన లోపం. ఇల్లు మారారని తెలిస్తే ఆ చింత వదిలేయవచ్చు.

సమాచారం తీసుకునే పద్ధతిలో మాత్రం నిక్కచ్చిగా ఉండాలి. ఫోను నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని ఒత్తిడి చేయవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే వ్యాపారులకు సూచించింది. అదే ఏడాది వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి సమ్మతి పొందాలి. ఆ ప్రకటనను ఇంగ్లీషులోగానీ, తెలుగు సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనాగానీ చదువుకునే వీలు ఉండాలి. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలి. కౌంటరు దగ్గర పెద్ద తెలుగు అక్షరాలతో, "మీ నంబరు నెల సరుకుల ఆర్డరు కోసం, అరువు ఖాతా కోసం మాత్రమే వాడతాము, వద్దంటే తీసివేస్తాము" అని పెట్టి, ఆ మాటకు కట్టుబడి ఉండండి. పుట్టినరోజు, ఆదాయం, కుటుంబ సభ్యుల పేర్లు మీ నిర్ణయాలకు అవసరం లేకపోతే అడగనే వద్దు. మీ దగ్గర లేని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు.

అరువు పుస్తకాన్ని, తెలంగాణ మాటలో ఉద్దెర పద్దును, ఈ దశలోనే కంప్యూటర్‌లోకి తేవాలి. ప్రతి నమోదు తరువాత ఖాతాదారు ఫోనుకు మొత్తం, బాకీ తెలిపే సందేశం వెళితే నెలాఖరు వాదనలు తప్పుతాయి. బాకీ వివరాలు కౌంటరులోని అందరికీ కనబడకుండా యజమానికి, ఖాతాలు చూసేవారికి మాత్రమే పరిమితం చేయండి. ఒక కుటుంబం అప్పు సంగతి పదిమందిలో వినబడితే ఆ కుటుంబం మళ్లీ మీ మెట్లెక్కదు.

ఇంటికి సరుకు, ఇతరుల వేదికలు

మొదటి దశలో వాట్సాప్ బిజినెస్ చాలు. చేతితో రాసిన చీటీని ఫొటో తీసి పంపే అలవాటు మన ఇళ్లలో ఇప్పటికే ఉంది; దాన్ని మాన్పించి యాప్‌లో ఒక్కో సరుకు వెతికించడం ఖాతాదారుకు పని పెంచడమే. చీటీ అందిన వెంటనే లేని సరుకులేవో చెప్పి, ప్రత్యామ్నాయం అడిగి, సరుకు ఇంటికి వచ్చే సమయం చెప్పండి. ఈ మూడూ చెప్పగలగడం వెనుక ఇంతవరకు చేసిన నిల్వ పని అంతా ఉంది. కంప్యూటర్ అంకె అరలోని అంకెతో నూటికి తొంభై అయిదు సార్లయినా సరిపోతూ, వాట్సాప్ ఆర్డర్లను ఒక మనిషి చూసుకోలేని స్థితి వస్తే, అప్పుడు యాప్ గురించి ఆలోచించవచ్చు.

ఆన్‌లైన్ వేదికల్లో చేరే ముందు సరుకు వారీగా మార్జిన్ లెక్క వేయండి. నూరు రూపాయల నూనె ప్యాకెట్ మీద మీకు 6 రూపాయలు మిగిలితే, వేదిక కమీషన్ అంతకు మించినప్పుడు ప్రతి ఆర్డరూ నష్టమే. మీ ఊరికే ప్రత్యేకమైనవి, సొంతంగా ప్యాక్ చేసిన పొడులు, పచ్చళ్లు, అప్పడాల వంటివి అక్కడ పెట్టడానికి తగినవి. ఆ వేదికల్లో కొన్నవారి వివరాలు సాధారణంగా మీకు అందవు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. అమ్మకం మీదైనా బంధం వారిదే అవుతుంది. సొంతంగా ఆన్‌లైన్‌లో అమ్మేవారు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదును 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెలలోపు పరిష్కరించాలి.

సిబ్బందిని ఒప్పించే పద్ధతి

తెలుగువారైన ఫణీంద్ర సామ తన మిత్రులతో కలిసి 2006లో బెంగళూరులో ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ సంస్థను మొదలుపెట్టినప్పుడు, సీట్ల లెక్క చూసుకునే సాఫ్ట్‌వేర్ ఇస్తామంటే బస్సు యజమానులు ఆసక్తి చూపలేదు. సంస్థ ముందు టికెట్లు అమ్మిపెట్టి తన ఉపయోగాన్ని చూపించింది; సాఫ్ట్‌వేర్‌కు ఆదరణ ఆ తరువాత వచ్చింది. మీ గుమాస్తా విషయంలోనూ అదే వర్తిస్తుంది. కొత్త పద్ధతి వల్ల తన పని తేలికైందని అతనికి మొదటి నెలలోనే అనుభవంలోకి రావాలి. రాత్రి గల్లా లెక్క గంటకు బదులు పది నిమిషాల్లో ముగిసిందంటే ఉపన్యాసం అవసరం ఉండదు.

లెక్కలో తేడా వస్తే జీతంలో కోస్తామనే బెదిరింపు మాత్రం ఎప్పుడూ చేయవద్దు. అలా చేసిన దుకాణంలో మరునాటి నుంచి తేడాలు కాగితం మీద మాయమవుతాయి; గోదాములో అలాగే ఉంటాయి. తేడాను ముందుగా చెప్పినవారిని మెచ్చుకోండి. పాత గుమాస్తాకు కంప్యూటర్ రాకపోయినా, కొనుగోలు సూచనలను చివరిసారి సరిచూసే అధికారం ఇవ్వండి. ఊళ్లో జాతర ఉందనో, పక్క కాలేజీకి సెలవులనో అతనికి తెలిసినది యంత్రానికి తెలియదు. అతను మార్చిన ప్రతి అంకె పక్కన కారణం రాయించండి.

సాఫ్ట్‌వేర్ ఒప్పందంలో చూడవలసినవి

సరుకుల పట్టిక, బిల్లులు, అరువు ఖాతాలు మీ ఆస్తి అని, కోరినప్పుడు వాటన్నిటినీ ఎక్సెల్ రూపంలో అదనపు రుసుము లేకుండా ఇస్తారని ఒప్పందంలో రాయించుకోండి. ఇంటర్నెట్ లేనప్పుడు కూడా బిల్లు వేయగలగాలి. కరెంటు, నెట్ రెండూ పోయే సాయంత్రాలు మన పట్టణాల్లో కొత్త కాదు. ప్రతి ఉద్యోగికీ విడి లాగిన్, బిల్లు రద్దు చేయడానికి పైవారి అనుమతి తప్పనిసరి. ఖరీదు చేసే ముందు మీలాంటి దుకాణం నడుపుతున్న మరొకరి దగ్గరకు రద్దీ సమయంలో వెళ్లి, అక్కడ బిల్లు ఎంతసేపు పడుతోందో చూడండి. రోజూ తీసే బ్యాకప్ నుంచి సమాచారం నిజంగా తిరిగి వస్తుందో లేదో మూడు నెలలకొకసారి వేరే కంప్యూటర్‌లో తెరిచి పరీక్షించండి. ఆ పరీక్ష చేసే మనిషి ఎవరో, ఏ తేదీన చేయాలో గోడ క్యాలెండరు మీద రాసిపెట్టండి.